వెనక మూత తెరవని గడియారం

ఆ శుక్రవారం పొద్దున మెట్లెక్కి వచ్చినావిడ కుర్చీ చూపించినా కూర్చోలేదు. చేతిసంచిలోంచి తాళాలగుత్తి తీసి బల్ల మీద పెట్టి, కాలిన పెనం ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది.

“ఇవి మీ దగ్గరే ఉంచండి. నా దగ్గరుంటే రేపు ఇంకోటి పోతుంది. అదీ నా నెత్తి మీదికే వస్తుంది,” అంది.

టైపిస్టు నోటుపుస్తకం తెరిచాడు. అతను ఒకప్పుడు కోర్టులో టైపిస్టు. టైపు మిషన్లు మూలపడ్డాక ఉద్యోగం పోయింది, పిలుపు మాత్రం మిగిలింది. ఎనిమిదేళ్ళుగా మేడం దగ్గర పనిచేస్తున్నాడు. మేడం పాతికేళ్ళు బీమా కంపెనీ తరఫున కాలిపోయాయన్న గోదాములు, మునిగిపోయాయన్న పడవలు, చచ్చిపోయారన్న మనుషులు ఒక్కొక్కటీ వెళ్ళి చూసొచ్చిన మనిషి. ఇప్పుడు టైర్ల దుకాణం మీద ఒక గది అద్దెకు తీసుకుని సొంతంగా కేసులు చూస్తోంది. ఆవిడ తెలివి మీద టైపిస్టుకి ఎంత గురి అంటే, ఆవిడ ఊరికే కిటికీలోంచి చూస్తున్నా అక్కడేదో ఆధారం ఉందనుకుని తనూ తొంగి చూసేవాడు. చాలాసార్లు ఏమీ ఉండేది కాదు. ఆవిడ అలిసిపోయి చూసేది, అంతే.

“మీరు నిలబడితే నా మెడ పట్టేస్తుందమ్మా. కూర్చుని చెప్పండి,” అంది మేడం.

వచ్చినావిడ కూర్చుంది. గడియారాలు బాగుచేసే ఇంటి కోడలు ఆవిడ. ముందు దుకాణం, వెనక ఇల్లు. మామగారికి చేతులు వణకడం మొదలయ్యాక దుకాణం ఆడపడుచు చూస్తోంది. భర్తకి ఆ పని రాదు, ఏదో ఆఫీసులో ఆఫీసరు. పోయింది ఒక వెండి జేబుగడియారం.

“మా మామగారి తాతగారి పనితనం మెచ్చి ఎవరో జడ్జి గారు బహుమానంగా ఇచ్చారట. తండ్రి నుంచి కొడుక్కి వస్తోంది. రోజూ పొద్దున ఎనిమిదింటికి మామగారే కీ ఇస్తారు. ఈ ఆదివారం మా ఆయన చేతికి అప్పగించాలి. బుధవారం నగలపెట్టె తెరిస్తే చుట్టిన గుడ్డ ఉంది, గడియారం లేదు.”

“పెట్టె పగలగొట్టారా?”

“లేదండీ. తాళంతోనే తీశారు. ఆ తాళంచెవి ఈ గుత్తిలో ఉంటుంది. ఇంట్లో ఆడవాళ్ళ నగలన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు.”

“గుత్తి ఎప్పుడూ మీ దగ్గరే ఉంటుందా?”

“వంటింట్లో మేకుకి తగిలిస్తాను. స్నానానికి వెళ్ళినా, బజారుకి వెళ్ళినా అక్కడే. ఆ మాట ఎవరు వింటారు?”

“ఎవరేమన్నారు మిమ్మల్ని?”

“నోరు విప్పి ఎవరూ ఏమీ అనలేదు,” అందావిడ. “మా ఆయన సర్దుతున్నానంటూ నా బీరువా అంతా వెతికారు. మామగారు నేనిచ్చే మంచినీళ్ళు తాగడం మానేసి, లేచి తనే తెచ్చుకుంటున్నారు. ఇరవై రెండేళ్ళు వండి వడ్డించాను ఆ ఇంట్లో. ఒక్క వస్తువు కనపడకపోయేసరికి పరాయిదాన్నయిపోయాను.”

“మీ ఆడపడుచు?”

“అదొక్కతే నన్ను దొంగలా చూడనిది. నాతో కూర్చుని ఏడ్చింది పాపం.”

మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “పదండి టైపిస్టు గారూ. మళ్ళీ మెట్లు దిగాలి.”

దుకాణం ఇరుకుగా ఉంది. గోడనిండా రిపేరుకి వచ్చిన గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తున్నాయి. కిటికీ పక్కన పనిబల్ల, దాని వెనక ఆడపడుచు. నలభై దాటిన మనిషి. కంటికి భూతద్దం పెట్టుకుని పెట్టుకుని కనుగుంట చుట్టూ గుండ్రంగా గుర్తు పడిపోయింది.

పెద్దాయన గోడవార కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చేతులు వణక్కుండా మోకాళ్ళ మధ్య నొక్కిపెట్టుకున్నాడు. ఆఫీసరు కొడుకు మాత్రం గుమ్మంలోనే అడ్డంగా నిలబడ్డాడు.

“ఇంటి గుట్టు బజారున పెట్టాలా?” అన్నాడు భార్యతో.

“బజారు నుంచి నేనే వచ్చానండీ, గుట్టు అక్కడిదాకా రాలేదు. కాస్త జరిగితే లోపలికొస్తాను,” అంది మేడం. అతను జరిగాడు.

ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడిగింది. అందరికీ ఉమ్మడిగా ఒకే ప్రశ్న: గడియారం దొరికితే ఇదేనని ఎలా గుర్తుపట్టాలి?

“పైమూత మీద తీగలా చెక్కడం ఉంటుంది,” అన్నాడు కొడుకు. “ఆదివారం పాత గడియారాల నిపుణుడు ఒకాయన్ని పిలిచాను. విప్పి చూసి, ఏ ఏడాదిదో తేల్చి, పత్రం రాసిస్తానన్నాడు. గాజు పెట్టెలో పెట్టి హాల్లో ఉంచుదామనుకున్నాను. ఇప్పుడు ఆయనకేం మొహం చూపించను?”

పెద్దాయన, “ఆరు అంకె పక్కన వెంట్రుకంత పగులు ఉంటుంది. కళ్ళు మూసుకున్నా కనపడుతుంది నాకు,” అన్నాడు.

“మీరే గడియారాల మనిషి కదా. ఎప్పుడైనా విప్పి శుభ్రం చేశారా?”

“లేదమ్మా. వెనక మూత ఎవరూ తెరవకూడదని మా నాన్న ఒట్టు వేయించుకున్నాడు. పెద్దల చెయ్యి పడ్డ వస్తువు, అందులో మన చెయ్యి పెట్టకూడదన్నాడు. రోజుకి పది నిమిషాలు వెనకబడుతుంది. అయినా తెరవలేదు. ముల్లు సరిచేసి కీ ఇస్తాను. నలభై ఏళ్ళయింది.”

తర్వాత ఆడపడుచు.

“సోమవారం ఆ గడియారం మీరే తుడిచారట?”

“పైపైన తుడిచానండీ. నాన్న ఎదురుగా కూర్చునే ఉన్నాడు. మూత తెరవనిస్తాడా?”

“గుర్తులు చెప్పండి.”

“వెండి బాగా నల్లబడింది. పైన చెక్కడం ఉంటుంది. వెనక మూత లోపలి అంచున చిన్న నొక్కు, గోరు పెడితే తెలుస్తుంది.”

టైపిస్టు అన్నీ వరసగా రాసుకున్నాడు.

మేడం లేచి నడుం పట్టుకుని గోడ మీది అరలకేసి చూసింది. అట్టలు వేసిన లావుపాటి పుస్తకాలు కప్పు దాకా ఉన్నాయి. అవేమిటని పెద్దాయన్ని అడిగింది.

“మా తాత దుకాణం పెట్టిన నాటి నుంచి బాగుకొచ్చిన ప్రతి గడియారమూ అందులో ఉంటుంది. ఎవరు తెచ్చారు, రోగమేమిటి, వైద్యమేమిటి అన్నీ. అదే నంబరు మూత లోపల సూదితో గీస్తాం. ఇప్పటికి ముప్పై ఒక్క వేలు దాటింది.”

“సొంత గడియారాలకీ గీస్తారా?”

“సొంతవాటికెందుకు? మారిపోతాయన్న భయం ఊళ్ళోవాళ్ళ వాటికే కదా.”

“అన్నిటికంటే పైఅరలో, దుమ్ము మధ్య ఒక పుస్తకం మందాన ఖాళీ ఉందేం?”

“చెద పట్టిందని బైండింగుకి ఇచ్చాను,” అంది ఆడపడుచు వెంటనే.

“ఎప్పుడిచ్చావే? ఆ అరకి చెయ్యి పెట్టాలంటే స్టూలెక్కాలి. నా వల్ల కాక పదేళ్ళయింది,” అన్నాడు పెద్దాయన. ఆవిడ పట్టకారు తీసుకుని పనిలో పడిపోయింది.

పనిబల్ల పక్కన పొడుగాటి సొరుగు ఉంది. రిపేరు అయిపోయినా సొంతదార్లు వచ్చి తీసుకెళ్ళని గడియారాలు చిన్న చిన్న కాగితపు కవర్లలో, పైన నంబరు రాసి నిలబెట్టి ఉన్నాయి. మేడం సొరుగు లాగి, ముందువరస నంబర్లు రాసుకోమంది. టైపిస్టు రాసుకున్నాడు: 30882, 30917, 417, 31004. మూడోదానికి ముందు అంకెలు చెరిగిపోయాయేమో అనుకున్నాడు. అయినా ఉన్నది ఉన్నట్టు రాయడం కోర్టు అలవాటు, అలాగే రాశాడు.

వెళ్ళేముందు మేడం పనిబల్ల దగ్గర ఆగి, ఆడపడుచుకి మాత్రమే వినపడేలా అంది. “రేపు పన్నెండింటికి వస్తాను, అందర్నీ ఉండమనండి. ఈలోగా అది దానంతటది దొరికితే నాకు మెట్లు దిగే శ్రమ తప్పుతుంది.”

ఆవిడ భూతద్దం కంటికి సర్దుకుంది.

వీధి చివర బస్సు స్టాపులో కూర్చున్నాక టైపిస్టు ఉండబట్టలేకపోయాడు. “కొడుకే మేడం! నిపుణుడు, పత్రం అంటున్నాడంటే అమ్మే ఆలోచన ఉన్నట్టే.”

“అమ్మేవాడు పత్రం వచ్చేదాకా ఆగుతాడు కదండీ. పత్రం ఉంటేనే దానికి విలువ.”

“అయితే మీకు తెలిసిపోయిందా?”

“ఎవరు తీశారో, ఎక్కడుందో తెలిసింది. ఎందుకో సగం తెలిసింది.” బూట్ల లేసు వదులు చేసుకుంది. “ఆ సగం తెలియకపోయినా బాగుండేది. ఇన్నేళ్ళుగా మనుషుల సొరుగులు తెరుస్తున్నాను, టైపిస్టు గారూ. లోపల పనికొచ్చేది ఉన్నది తక్కువ.”

మర్నాడు పొద్దుటి నుంచి ఫోను మోగుతుందేమోనని ఇద్దరూ చూశారు. మోగలేదు.

పన్నెండింటికి దుకాణం తలుపు సగం మూశారు. పెద్దాయన తన కుర్చీలో, కొడుకు కిటికీ దగ్గర, ఆడపడుచు పనిబల్ల వెనక. కోడలు గుమ్మం పక్కన స్టూలు మీద, ఎప్పుడు లేచి వెళ్ళిపొమ్మంటారో అన్నట్టు అంచున కూర్చుంది.

“నగలు వదిలి నల్లబడ్డ గడియారం ఒక్కటే తీసుకెళ్ళినవాడు బయటి దొంగ కాదు,” అని మొదలుపెట్టింది మేడం. “తాళంచెవి మేకుకి వేలాడుతుంది, ఇంట్లో ఎవరైనా తీయొచ్చు. కాబట్టి తాళంచెవి ఎవరిదన్నది ఆధారమే కాదు. మీరంతా మూడు రోజులుగా దాన్నే పట్టుకుని కూర్చున్నారు.”

కొడుకు కిటికీలోంచి బయటికి చూశాడు.

“గుర్తులు చెప్పమన్నాను. ఇద్దరు బయటినుంచి కనపడేవి చెప్పారు. ఒకరు వెనక మూత లోపలి అంచున నొక్కు ఉందన్నారు. నలభై ఏళ్ళుగా ఎవరూ తెరవని మూత అది. తెరవకుండా లోపలి నొక్కు ఎలా తెలుస్తుంది?”

టైపిస్టు గబగబా కాగితాలు తిప్పాడు. ఆ మాట తన అక్షరాల్లోనే ఉంది. తను రాసి తనే చూడలేదు.

“అదే రోజుల్లో పైఅరలో ఒక పాత పుస్తకం కదిలింది. పెద్దాయన స్టూలెక్కలేరు, ఆఫీసరు గారికి ఆ పుస్తకాలతో పనిలేదు. ఎక్కిన మనిషికి గడియారం నంబరు తెలిసి, ఆ నంబరు పాత పుస్తకంలో వెతకాల్సి వచ్చింది. కానీ ఈ ఇంట్లో సొంత గడియారాలకి నంబరు గీయరు. బాగుకి వచ్చినవాటికే గీస్తారు.”

పెద్దాయన మోకాళ్ళ మధ్య నుంచి చేతులు తీశాడు. అవి వణుకుతున్నాయని కూడా గమనించుకోలేదు.

“ముప్పై వేలు దాటిన నంబర్ల కవర్ల మధ్య ఒక్కదాని మీద మూడే అంకెలున్నాయి,” అని మేడం సొరుగు లాగి, మూడో కవరు తీసి బల్ల మీద వంచింది. నల్లబడ్డ వెండి గడియారం జారిపడింది.

ఆడపడుచు రెండు చేతులతో మొహం కప్పుకుంది.

“నువ్వా?” అన్నాడు అన్న.

“అమ్మడానికి కాదు,” అందావిడ చేతుల చాటు నుంచి. “ఆదివారం నువ్వు పిలిచినాయన విప్పితే లోపల నలభై ఏళ్ళ మురికి ఉంటుంది. గడియారాల ఇంట్లో గడియారానికి ఈ గతా అని నవ్వుతాడు. మంగళవారం నాన్న పడుకున్నప్పుడు, వదిన బజారుకెళ్ళినప్పుడు తీసి శుభ్రం చేద్దామనుకున్నాను. మూత తెరిస్తే నంబరు ఉంది. పుస్తకం తీసి చూశాను. జడ్జి లేడు, బహుమానం లేదు. ఎవరో లాంతర్లు చేసేవాడి భార్య, భర్త పోయాక ఆగిపోయిన గడియారం బాగుచెయ్యమని తెచ్చింది. తీసుకున్నట్టు సంతకం లేదు. మనం కాజేశాం అన్నయ్యా. నిపుణుడు ఆ నంబరు చూసి ఇదేమిటని అడిగితే, నాన్న ఈ వయసులో ఆ మాట వినాలా?”

“మరి నీ వదిన?” అన్నాడు పెద్దాయన. “మూడు రోజులు చూస్తూ ఊరుకున్నావా?”

“బయటివాళ్ళెవరో అనుకుంటారనుకున్నాను. వదిన మీదికి వెళ్ళాక ఎలా బయటపడాలో తెలియలేదు.”

“మీ నాన్నగారిని కాపాడాలనుకున్నారు, సరే. ఈవిడని ఎవరు కాపాడాలనుకున్నారు?” అంది మేడం. ఆ మాట కోపంగా అనలేదు. బాగా అలిసిపోయినట్టు అంది. “ఆ పుస్తకం ఇవ్వండి.”

పనిబల్ల కింద పాతగుడ్డల్లోంచి పుస్తకం బయటికి వచ్చింది. మేడం నంబరున్న పేజీ చూసి, అక్కడ ఆగకుండా చివరి పేజీలు తిరగేసింది. వేలు పెట్టి ఒకచోట నిలిపి, “మీరు ఇక్కడిదాకా రాలేదు కదూ?” అంది.

ఆడపడుచు తల అడ్డంగా ఊపింది. “ఆ పేజీ చూశాక ఇంక చూడబుద్ధి కాలేదు.”

మేడం పైకి చదివింది. “‘తీసుకెళ్ళనివి. నాలుగువందల పదిహేడు. పని అయిపోయింది, మనిషి రాలేదు. రెండుసార్లు వాళ్ళ వీధికి వెళ్ళాను, ఇల్లు ఖాళీ. ఊరికే పడుంటే నూనె గడ్డకడుతుంది. రోజూ కీ ఇస్తున్నాను. ఆవిడ వచ్చినప్పుడు నడుస్తూ ఉండాలి. నేను లేకపోతే అబ్బాయి ఇస్తాడు.’”

గోడ మీద గడియారాలు వేటి పాటికి అవి కొట్టుకుంటున్నాయి.

“మీ తాతగారు కాజెయ్యలేదు, దాచిపెట్టారు,” అంది మేడం పెద్దాయనతో. “జడ్జి గారి కథ మీ నాన్నగారిది అయ్యుంటుంది. మూత తెరవొద్దని ఒట్టు వేయించుకున్నది ఆయనే కదా.”

పెద్దాయన గడియారాన్ని దగ్గరికి లాక్కున్నాడు. కూతురు భూతద్దం అందించబోతే వద్దన్నాడు. తర్వాత కోడలి వైపు తిరిగాడు. “అమ్మా, తప్పు చేశాను. దీనికి ఇకమీదట నువ్వే కీ ఇవ్వు. వీడికొద్దు, నాకొద్దు.”

“నాకూ వద్దు మామయ్యా.” కోడలు లేచి నిలబడింది. “మూడు రోజులు నన్ను దొంగని చేసిన వస్తువు అది. నేను ముట్టుకోను.”

“నేనేదో కంగారులో...” అన్నాడు భర్త.

“అడిగుంటే నా బీరువా నేనే తీసి చూపించేదాన్ని,” అందావిడ. తర్వాత ఆడపడుచు వైపు తిరిగింది. “వాళ్ళు అనుమానించారు, అది వేరు. నువ్వు అన్నీ తెలిసి నా పక్కన కూర్చుని ఏడ్చావు చూడు. అది మర్చిపోవడానికి నాకు టైము పడుతుంది.”

ఆ సాయంత్రమే ఆవిడ అక్కగారింటికి వెళ్ళిపోయింది. ఆదివారం నిపుణుడు వస్తే, కొడుకే వీధిలో ఎదురెళ్ళి వెనక్కి పంపేశాడు.

సోమవారం పెద్దాయన ఒక్కడే మేడం మెట్లెక్కాడు. సగంలో కూర్చుని, మళ్ళీ లేచి ఎక్కాడు.

“ఆ లాంతర్ల మనిషి తాలూకు వాళ్ళెవరైనా ఉన్నారేమో వెతికిపెట్టు. తొంభై ఏళ్ళ కిందటి సంగతి. దొరక్కపోతే దొరకలేదని చెప్పు చాలు.”

ఇలాంటివి తేలవని చెప్పబోయి, మేడం ఆయన మొహం చూసి మానేసింది. ఆరు వారాలు పట్టింది. ఆ వీధి పేరు మారింది, ఇళ్ళు మారాయి. టైపిస్టు గుమ్మం గుమ్మం తిరిగాడు. చివరికి నది అవతల పేటలో ఒక ముసలావిడ బట్టలు ఇస్త్రీ చేసే దుకాణం చూపించి, “లాంతరు వాళ్ళంటే వాళ్ళే,” అంది. ఆ ఇంట్లో లాంతరు చేసినవాడు లేక మూడు తరాలైంది. ఊరు మాత్రం ఆ పిలుపు వదల్లేదు. వెళ్ళి అడిగితే, ఆ దుకాణం ఆవిడ నాయనమ్మ భర్త పోయి పుట్టింటికి చేరిన కాలమూ, తాత చేసిన పనీ, పాత వీధి గుర్తులూ పుస్తకంలో రాసినదానితో అన్నీ కలిశాయి.

గడియారం ఇవ్వడానికి వెళ్ళిన రోజు బస్సు స్టాపులో కోడలు నిలబడి ఉంది. ఎవరు కబురు చేశారో టైపిస్టుకి తెలియదు. “ఇవ్వడానికైతే నేనూ వస్తాను,” అంది మామగారితో. ఆయన పక్కకి జరిగి చోటిచ్చాడు.

ఇస్త్రీ దుకాణం ఆవిడకి డెబ్భై దాటి ఉంటాయి. మేడం చెప్పిందంతా ఇస్త్రీపెట్టె ఆపకుండానే వింది. పెద్దాయన గుడ్డ విప్పి గడియారం అందించాక పెట్టె నిలబెట్టింది. తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది.

“ఇంత చప్పుడు చేస్తుందా?” అంది. కాసేపు అలాగే పెట్టుకుని ఉంది. “మా తాత ఎలా ఉండేవాడో మాకెవరికీ తెలియదు. ఫోటో లేదు. ఆయన వస్తువంటూ ఇంట్లో ఒక్కటీ లేదు.”

ఇంతలో ఎవరో బట్టల కోసం వచ్చారు. ఆవిడ గడియారాన్ని కొంగున ముడేసుకుని, వాళ్ళ మూట వెతకడానికి లోపలికి వెళ్ళింది. పెద్దాయన ఖాళీ గుడ్డని మడిచాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మళ్ళీ విప్పి మళ్ళీ మడిచాడు. కోడలే తీసుకుని తన సంచిలో వేసుకుంది.

తిరుగు బస్సులో మేడం ఎక్కగానే కళ్ళు మూసుకుంది. వెనక సీట్లో మాటలు టైపిస్టుకి వినపడుతూనే ఉన్నాయి.

“సోమవారం ఇంటికొస్తాను మామయ్యా. కానీ వంట ఇంక నా ఒక్కదానిదే కాదు. వంతులు వేసుకుందాం. మీకూ ఒక పూట.”

“నాకు అన్నం వండడం రాదమ్మా.”

“నేర్పుతాను.”

పెద్దాయన వంతెన దాటాక అడిగాడు, “ఒక గ్లాసు బియ్యానికి నీళ్ళెన్ని?”

“రెండు.”

“ఎన్ని నిమిషాలు?”

“చూసుకుంటూ ఉండాలి మామయ్యా. నిమిషాలు లెక్కపెడితే మాడిపోతుంది.”

ఆయనకి అది నచ్చినట్టు లేదు. దిగే స్టాపు వచ్చేదాకా, మంట ఎంత పెట్టాలి, మూత ఎప్పుడు తియ్యాలి, ఉడికిందని దేన్నిబట్టి తెలుస్తుంది, అని అడుగుతూనే ఉన్నాడు. ఆవిడ ఒక్కోదానికి ఓపిగ్గా జవాబు చెప్తూనే ఉంది.